కుడివైపు తలుపు

ఎరుపు ఆయనకు మెడ దగ్గర మొదలయ్యేది. మనం చూస్తుండగానే గడ్డం దాటి, బుగ్గలు దాటి చెవుల దాకా పాకేది. అప్పుడాయన బేరం ఆపకుండానే చేయి వెనక్కి చాచి, దొంతరలోంచి ఒక కొత్త స్టీలు గ్లాసు తీసి చెంపకు ఆనించుకునేవాడు. ఒక చెంప చల్లబడ్డాక రెండో చెంప. ఎరుపు దిగిపోయాక గ్లాసును తువ్వాలుతో తుడిచి మళ్ళీ దొంతరలో పెట్టేవాడు. హోసూరు బజారులో ఆ పాత్రల అంగడికి పోయినవాళ్ళంతా ఈ తతంగం చూసినవాళ్ళే. చూసినవాళ్ళంతా అనుకున్నదీ ఒక్కటే, పట్టపగలే మందు పట్టించాడు మనిషి అని.

ఊరంతా నోటితో అన్నారు. కాగితం మీద రాసింది మాత్రం నేనొక్కదాన్నే. ఆయన పోయి ఆరు నెలలు దాటింది. జీవితంలో ఒక్క చుక్క కూడా ముట్టని మనిషని నాకు తెలిసి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో కడుపునిండా తిన్నది లేదు, ఇంట్లో వాళ్ళతో తిన్నగా మాట్లాడిందీ లేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. బజారులో ఇప్పటికే చాలినంత నలిగింది.

నేను గుండె స్కాను తీసే మనిషిని. ఎకో అంటారు. ఎదురు రొమ్ము మీద చల్లటి జెల్లు రాసి, చేతిలో ఇమిడే ఒక పరికరాన్ని పక్కటెముకల సందుల్లో ఆనించి, లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో తెర మీద చూసి కొలతలు రాస్తాను. మాది మదనపల్లి వైపు. మా ఆయనకు మూకండపల్లి దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికాక ఇక్కడికి వచ్చి పడ్డాం. వచ్చిన నెలలోనే ఇంటికి గిన్నెలు కొనడానికి ఆ అంగడికి పోయాను. తెలుగు మాట వినగానే ఆయన ముఖం విప్పారింది.

"యా ఊరమ్మా మీది? మాట చూస్తే కొండ దిగొచ్చినట్టుండాది," అన్నాడు.

గిన్నెల మీద పేరు చెక్కించమన్నాను. ఆయన దగ్గర కరెంటుతో నడిచే చిన్న సూది ఉండేది, జుయ్యిమని చప్పుడు చేస్తూ స్టీలు మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కేది. చెక్కే ముందు ఆయన పెట్టే హింస ఇంతా అంతా కాదు. పేరు చెప్పమంటాడు. చీటీ మీద రాస్తాడు. మనల్ని చదవమంటాడు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళ చేత చదివిస్తాడు. తర్వాత మళ్ళీ మనల్నే అడుగుతాడు, ఇదే కదా, ఇట్లనే కదా అని. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎన్నిసార్లు అడుగుతారన్నా, గిన్నె మీద పేరే కదా," అన్నాను.

"రాసేది ఒక నిమిషమమ్మా, చెరిపేదానికి యాడ అయితాది?" అన్నాడు సూది ఆపి.

ఆ రోజు చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ముఖం యాడ పెట్టుకోవాలో తెలీదు.

ఏం పని చేస్తావని అడిగితే చెప్పాను. గుండె లోపలికే చూస్తానంటే ఆయన నమ్మలేదు. ఏముంటాయమ్మా లోపల అని పిల్లాడిలా అడిగాడు. నాలుగు గదులు, నాలుగు తలుపులు, రక్తం ఒకవైపే పోవాలి, వెనక్కి రాకూడదు, అందుకే తలుపులు అని వివరించాను. అంతే, అప్పటినుంచీ నేను అంగడి ముందు నడిచిపోతే చాలు, లోపలినుంచి కేక వినపడేది. "ఏమ్మా, ఈ పొద్దు ఎన్ని తలుపులు తీసి చూస్తివి?" ముప్పై అంటే, "నా అంగడికి ఉండేది ఒక్కటే, అదీ సరిగా మూసుకోదు," అని తనే నవ్వేవాడు. నవ్వితే మళ్ళీ ఎరుపు, మళ్ళీ గ్లాసు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. బేరం మధ్యలో, ఒక్కోసారి వాక్యం మధ్యలోనే లేచి, "ఒక నిమిషమప్పా," అని అంగడి వెనక్కి పోయేవాడు. తలుపు చప్పుడయ్యేది. ఐదు నిమిషాలకు వచ్చేవాడు, నోట్లో ఏలకులు నములుతూ. రోజుకు ఎనిమిదిసార్లో పదిసార్లో. పక్కంగడి బట్టలాయన కన్ను గీటి, "అన్నకి లోపల తీర్థం ఇస్తారు," అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, నవ్వలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? వాళ్ళది తరాల నాటి వ్యాపారుల కుటుంబం, ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశికి ముట్టరు. అలాంటి ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధి అనుకునేదాన్ని.

ఈ మాటలు ఆయన చెవిన పడకుండా ఉంటాయా? పడేవి. దానికాయన చేసిన ఉపాయం ఇంకా నవ్వులపాలైంది. ఎవరైనా ముఖంలోకి అనుమానంగా చూస్తే చాలు, దగ్గరికి వచ్చి నోరు తెరిచి "హా" అని ఊదేవాడు. "చూసుకోప్పా, వాసన ఉండాదా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను చెట్టు కిందికి కూడా పోలేదే!" అనేవాడు. వాసన ఉండేది, ఏలకుల వాసన. తాగినవాళ్ళు కాకపోతే పొద్దస్తమానం ఏలకులు ఎవరు నములుతారు అని బజారు ఇంకా గట్టిగా నమ్మింది. కడుపులో బాగాలేక, వికారంగా ఉండి నమిలేవాడని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పది మందిలో విరేచనాల సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి.

దాదాపు రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన మా స్కాను సెంటరుకు వచ్చాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. బయట వరుసలో ఇరవై మంది ఉన్నారు. నన్ను చూసి మాత్రం ముఖం వెలిగింది.

"ఈ పొద్దు నా తలుపులు చూసేది నీ వంతమ్మా," అన్నాడు.

స్కాను ముందు ఒక కాగితం నింపాలి, అందులో రాసింది రిపోర్టు మీదికీ ఎక్కుతుంది. షుగరు, బీపీ, పొగ, మందు. ఉందా, లేదా, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. మందు దగ్గరికి వచ్చేసరికి ఆయన లేదమ్మా అన్నాడు. అని, అలవాటు కొద్దీ నా వైపు వంగి "హా" అని ఊదాడు. గుప్పున ఏలకుల వాసన. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ ఒక పాడు తెలివి ఉంటుంది. ఈ గడి దగ్గర ఎవరూ నిజం చెప్పరు కాబట్టి, వాళ్ళు చెప్పింది కాకుండా మనకు తోచింది రాయాలని. నాకు నేర్పిన సీనియరు అలాగే నేర్పింది, నేను నా తర్వాత వచ్చినవాళ్ళకు అలాగే నేర్పాను. ఆయన లేదు అన్నాడు. నేను ఉంది అన్నచోట టిక్కు పెట్టాను.

తర్వాత స్కాను. మేం ఎప్పుడూ ఎడమవైపు మొదలుపెడతాం. ఒంటికంతటికీ రక్తం పంపేది అదే, గుండెపోటు దెబ్బ ఎక్కువగా తగిలేదీ అక్కడే, డాక్టర్లు ముందు అడిగేదీ దాన్నే. ఆయన ఎడమవైపు అద్దంలా ఉంది. కుడివైపు గది కాస్త పెద్దగా కనిపించింది. పరికరం పెట్టిన కోణం తేడా అయి ఉంటుందిలే అనుకున్నాను. కుడివైపు తలుపు దగ్గర రక్తం వెనక్కి వస్తోందేమో చూడాలి. లీకు గట్టిగా ఉంటే తెర మీద రంగులు కలగాపులగంగా చెలరేగుతాయి, అది చూడటం అలవాటైన కన్ను నాది. ఈయనకు అలాంటిదేం లేదు. నీలం రంగు నెమ్మదిగా వెళ్ళింది, నెమ్మదిగా వచ్చింది. వేగం కొలిస్తే తక్కువే ఉంది. కొంచెమే లీకు అనుకున్నాను.

రిపోర్టు ఎలా తయారు చేస్తామో కూడా చెప్పాలి. కొత్తగా టైపు చేసేది తక్కువ. పొద్దున ఎవరికో చేసిన రిపోర్టు తెరిచి, పేరు మార్చి, వయసు మార్చి, ఎడమవైపు అంకెలు మార్చి, దాన్నే ఇంకో పేరుతో దాస్తాం. కుడివైపు సంగతి ఒక్క వరుసలో ఉంటుంది: "కుడి గదులు, కవాటాలు మామూలుగా ఉన్నాయి." ఆ వరుసను నేను ముట్టుకోలేదు. అది ఎవరి గుండె గురించి రాసిన మాటో నాకు తెలియదు. బెంగుళూరు నుంచి వారానికి రెండు సాయంత్రాలు వచ్చే డాక్టరుగారు తన కోసం పెట్టిన రిపోర్టుల కట్టలో దానికీ సంతకం పెట్టారు. సంతకం ఆయనది కదా అని నేను తప్పించుకోవచ్చు. కానీ చూసింది నేను. ఆ మనిషి నా ముందు పడుకుని, తల తిప్పి తెర వైపు చూస్తూ, ఏది ఏ తలుపో అడిగితే, వరుస పెద్దదిగా ఉంది కదలకండన్నా అని విసుక్కున్నదీ నేనే.

ఆ రిపోర్టు పట్టుకుని ఆయన కృష్ణగిరిలో కాలేయం డాక్టరు దగ్గరికి పోయాడు. గుండె బాగుంది, మందు అలవాటు ఉంది అని దాని మీద స్పష్టంగా ఉంది. కడుపు స్కానులో కాలేయం వాచి, అక్కడక్కడా గడ్డల్లా కనిపించాయట. ఎర్రటి ముఖం, వాచిన కాళ్ళు, ఉబ్బిన పొట్ట. ఇంకేం కావాలి? తాగుడు మానకపోతే ఏడాది కూడా కష్టమని ఆ డాక్టరు ఈయన భార్య ముందే కేకలేశాడట. అప్పటిదాకా బజారు మాటగా ఉన్నది ఆ రోజు డాక్టరు మాట అయ్యింది.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. సగం మనిషయ్యాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం పెద్దదై, మెడ నరం బయటికే కనిపించేలా ఎగిరెగిరి పడుతోంది. ఆ నరం చూసైనా నాకు బుద్ధి రావాలి, కుడివైపు తలుపు చెడితే అది అలా ఎగురుతుంది. రాలేదు. నా కళ్ళు పోయింది ఆయన మణికట్టు మీదికి. అక్కడ పసుపు రాసిన దారం ఉంది. మా వైపు అంతగా లేదు గానీ ఈ జిల్లాలో ఆ దారం చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. తాగుడు మానేస్తానని దేవుడి ముందు ఒట్టు పెట్టినవాడికి పూజారి కట్టే కయిరు అది. అమ్మయ్య, చివరికి ఒప్పుకున్నాడు అనుకున్నాను. నా టిక్కు సరైనదేనని కొంచెం గర్వం కూడా పడ్డాను. ఛీ.

పాత రిపోర్టు తెరిచాను. తేదీ మార్చాను. అంకెలు నాలుగు మార్చాను. జెల్లు తుడుచుకుంటూ ఆయన అడిగాడు.

"నా తలుపులు ఎట్లుండాయమ్మా?"

"బాగున్నాయన్నా. మీరు ఆ అలవాటు మానేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి," అన్నాను, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపి నా ముఖంలోకి చూశాడు. ఈసారి ముందుకు వంగి ఊదలేదు. కయిరు ఉన్న చేతిని కొంచెం పైకెత్తి చూపించి, "మానేసినానమ్మా," అన్నాడు. అని నవ్వాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. అదే నేను ఆయన్ను చివరిసారి చూడటం.

ఇంకో ఆరేడు నెలలకు బస్టాండు గోడ మీద పోస్టరు చూశాను. ఈ ఊళ్ళో ఎవరు పోయినా కన్నీటి అంజలి అని తమిళంలో పెద్ద అక్షరాలతో, ఫోటోతో పోస్టర్లు వేస్తారు. ఫోటోలో కూడా ఆయన బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. పాపం, తాగి తాగి పోయాడు అనుకుని బస్సెక్కాను. ఇంటికి పోయి మా ఆయనకు చెబితే, మంచి మనిషి, అదొక్కటే లేకపోతే అన్నాడు. అవును అన్నాను.

మూడు వారాల కిందట ఒక ఆదివారం కృష్ణగిరిలో మా ఎకో పనివాళ్ళకు ఒకరోజు క్లాసు పెట్టారు. భోజనం బాగుంటుందని పోయాను. మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ తెర మీద ఒక గుండెను చూపించింది. నాలుగు గదులూ కనిపిస్తున్నాయి. ఎడమవైపు తలుపులు చక్కగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కుడివైపు తలుపు సగం తెరిచి అలాగే నిలబడిపోయింది. రెక్కలు మందంగా, తెల్లగా, పొట్టిగా ముడుచుకుపోయి, ఒకదాన్ని ఒకటి అందుకోలేకపోతున్నాయి.

"ఈ పేషెంటును ఇంతకుముందు మూడు చోట్ల చూశారు. మూడు చోట్లా కుడివైపు మామూలే అని రాశారు," అందామె. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఆమె చెప్పుకుంటూ పోయింది. కార్సినాయిడ్ అని ఒక రకం గడ్డ, ఎక్కువగా పేగులో పుడుతుంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అది కాలేయానికి పాకాక ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతుంది. ఆ రక్తం ముందు చేరేది గుండె కుడివైపుకు, అందుకని అక్కడి తలుపులు బిగుసుకుపోతాయి. ఊపిరితిత్తులు ఆ రసాయనాన్ని చాలావరకు విరిచేస్తాయి కాబట్టి ఎడమవైపు బాగుంటుంది. ఎడమవైపే చూసేవాళ్ళకు ఇది దొరకదు. రంగుల్లో గందరగోళం ఉంటుందని ఎదురుచూడొద్దు అంది. తలుపు అసలే మూసుకోనప్పుడు రక్తానికి అడ్డే లేదు, అది నెమ్మదిగా పోయి నెమ్మదిగా వస్తుంది, అన్నిటికంటే పెద్ద లీకు అన్నిటికంటే ప్రశాంతంగా కనిపిస్తుంది అంది.

"ముఖం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. విరేచనాలు. ఆయాసం. వీళ్ళలో కొందరిని తాగుబోతులనుకుని పంపేస్తుంటారు," అని ఆమె అంటుండగా నా చేతిలోని కప్పులో టీ ఒలికి చీర మీద పడింది. కాలిందో లేదో కూడా తెలియలేదు.

బస్సులో సూళగిరి దాటేదాకా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎర్ర ముఖాలు లోకంలో ఎన్ని లేవు? ఆయన కయిరు కట్టించుకున్నాడు కదా, తాగనివాడు మానేసినానని ఎందుకంటాడు? సోమవారం అందరికంటే ముందు సెంటరుకు పోయి మిషనులో పాత పేర్లు వెతికాను. మా మిషనులో స్కాను బొమ్మలు చెరిపేవాళ్ళు లేక అలాగే పడి ఉంటాయి. ఆయనవి దొరికాయి. రెండుసార్లవీ.

నాలుగు సెకన్ల బొమ్మ అది. కుడివైపు తలుపు సగం తెరిచి నిలబడి ఉంది. గది పెద్దదై పక్కనున్న ఎడమ గదిని నెట్టేస్తోంది. కోణం తేడా కానే కాదు. రెండోసారి తీసిన దాంట్లో ఇంకా ఘోరం. ఆ బొమ్మలు తీసింది నా చేయే, అవి తీస్తున్నప్పుడు తెర వైపు చూస్తున్నది నా కళ్ళే. కళ్ళుండీ గుడ్డిదాన్నయ్యాను. ఆ నాలుగు సెకన్లను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశానో లెక్కలేదు. మొదటి రోగి వచ్చి తలుపు కొట్టాకే ఆ బొమ్మ మూసేశాను.

ఆ వారమంతా ఎవరితోనూ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, ఇంటి బాడుగ, పిల్ల చదువు ఉన్నాయి. చెప్పినా ఆయన తిరిగి రాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని ఎన్ని విధాలుగా అనుకున్నా, అంగడి ముందు నుంచి నడవలేక చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను. రెండో ఆదివారం ఇంక ఓర్చుకోలేక వాళ్ళింటికి పోయాను. అంగడి వెనక సందులోనే ఇల్లు. ఆయన భార్య చింతపండు గింజలు తీస్తూ వరండాలో కూర్చుని ఉంది. నేనెవరో గుర్తుపట్టింది.

"స్కానమ్మ కదా నువ్వు? ఏమి అట్లా నిలబడుకొని ఉండావు, కూకో," అంది.

కూర్చోలేదు. "వదినా, అన్నని బెంగుళూరులో చూపించిన కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగాను. ఎందుకని కూడా అడగకుండా లోపలికి పోయి ప్లాస్టిక్ సంచి తెచ్చింది. చివరి పది రోజులూ ఆయన బెంగుళూరులో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఆ ఫైలులో మూడో కాగితం మీదే ఆ పేరు ఉంది, కార్సినాయిడ్. పేగులో గడ్డ, కాలేయంలో దాని పిల్లలు, కుడివైపు తలుపులు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయని రాసి ఉంది. నిజం ఆరు నెలలుగా ఆ ఇంట్లోనే, బీరువా మీద, సంచిలో ఉంది.

"వాళ్ళేం చెప్పినారు వదినా మీకు?"

"నాకేం తెలుస్తాది? ఇంగ్లీషులో మా తమ్మునితో చెప్పినారు. వాడు బయటికొచ్చి, తాగి తాగి లివరు పోయి క్యాన్సరుకు తిరుక్కొనింది అక్కా అన్నాడు. అంగడి ఇప్పుడు వాడే చూసుకుంటాడు. వచ్చినోళ్ళందరికీ అదే చెప్తాడు."

"ఇది తాగుడుతో వచ్చేది కాదు," అన్నాను. మళ్ళీ చెప్పాను. ముఖం ఎందుకు ఎర్రబడేదో, అంగడి వెనక్కి ఎందుకు పరిగెత్తేవాడో, కాళ్ళెందుకు వాచాయో, ఒక్కొక్కటే చెప్పాను. ఆఖర్న నా సంగతి చెప్పాను. ఆయన లేదంటే నేను ఉందని రాసింది, కుడివైపు సరిగ్గా చూడకుండా ఎవరిదో వరుస ఆయనకు అంటించింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఏడవకూడదని వచ్చాను గానీ ఆగలేదు.

ఆమె ఏడవలేదు. చింతపండు చేటను పక్కకు జరిపింది.

"ముందే కనుక్కొని ఉంటే బతుకుతావుండెనా?" అంది.

"చెప్పలేను వదినా. ఆ ఎరుపు, విరేచనాలు తగ్గేదానికి సూదులున్నాయంట. తలుపులు మార్చే ఆపరేషనూ ఉందంట. కొన్నాళ్ళు ఎక్కువ ఉండేవారేమో. తాగుబోతు అనిపించుకోకుండా పోయేవారు, అది మాత్రం ఖాయం."

ఆమె తల ఊపింది. "ఆ కయిరు కట్టించింది నేనే," అంది. "డాక్టరు తిట్టినాక నేను అన్నం మానేస్తిని. నీకు దండం పెడతా, ఊత్తంగరై దావలో అమ్మోరి గుడికి పోదాం రా అంటిని. తాగనోడికి కయిరేందే అన్నాడు. వినలా. రిపోర్టులోనే రాసుండాది, ఇంకా యాల అబద్ధం చెప్తావు అంటిని. నా మొగం చూసి చూసి, శరి, నువ్వు అన్నం తింటావంటే కట్టించుకుంటా పద అన్నాడు. ఆడ పూజారి పది మంది ముందర అడిగినాడు, ఎన్నేండ్లుగా తాగుతా ఉండావు అని. ఆయన నా పక్క చూసినాడు. ఇరవై ఏండ్లు సామీ అన్నాడు. ఇంక తాగను అని గట్టిగా చెప్పమంటే చెప్పినాడు. ఆ పొద్దు నేను సంతోషంగా తిన్నానమ్మా. రెండు దోసెలు తిన్నాను."

క్షమించమని అడుగుదామని వచ్చినదాన్ని, అడిగే ముఖం లేక నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె లేచి లోపలికి పోయి, మనవరాలి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రాయి," అంది. "ఇప్పుడు చెప్పింది రాయి. తమిళంలో రాయి, బజారులో అందరూ చదివేది అదే."

నాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం అంతంతమాత్రం. అక్షరాలు వంకరటింకరగా పోయాయి. ఈయన మద్యం తాగేవారు కాదు. ఈయన జబ్బు పేగులో గడ్డ, దానివల్ల గుండె చెడింది. స్కాను తీసినప్పుడు తాగుతారని తప్పు రాయడం జరిగింది. అక్కడికి ఆపి కాగితం ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"ఎవరు రాసినారు తప్పు?"

"నేనే వదినా."

"అదీ రాయి. కింద నీ పేరు పెట్టు."

చేయి ఆగిపోయింది. ఈ కాగితం మా సెంటరువాళ్ళ చేతిలో పడితే మర్నాడు నాకు పని ఉండదు. ఇన్నేళ్ళలో నేను చేసిన వేల రిపోర్టుల్లో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు, అందుకే అంత ధైర్యంగా చేశాను. ఆమె తొందరపెట్టలేదు. నా ముందు నిలబడి ఎదురుచూసింది. జరిగింది అన్న మాట కొట్టేసి, నేను తప్పు రాశాను అని రాసి, కింద పేరు పెట్టాను.

ఆమె గుమ్మంలోకి పోయి అంగడిలో ఉన్న తమ్ముణ్ణి కేకేసింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే పక్కంగడి బట్టలాయన కూడా ఏమైందోనని తొంగిచూశాడు. ఆమె కాగితం తమ్ముడి చేతికిచ్చి, "గట్టిగా చదువు," అంది.

అతను చదివాడు. మొదటి వాక్యం దగ్గర గొంతు తడబడి, ఆగి, మళ్ళీ అందుకున్నాడు. చివరికి వచ్చి తలెత్తాడు.

"ఈ పేరు ఎవరిదక్కా?"

"నాదే," అన్నాను.

బట్టలాయన తల దించుకున్నాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి, తమ్ముడి వైపు చూసి, "ఇంకోసారి మొదట్నించీ చదువు," అంది.